క్యాట్‌కి తక్కువ డబ్బుతో సిద్ధం కావడం: ఏది కొనాలి, ఏది మానాలి

ఐఐఎంలు అనే కేంద్ర మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఎంబీఏ చేరడానికి రాసే పరీక్ష క్యాట్. అది రాసేవాళ్ళ కోసం బజారులో సరుకు చాలా ఉంది. వాటన్నిట్లోకీ మేలైనది మాత్రం ఎవరూ అమ్మరు, ఊరికే దొరుకుతుంది. ఐఐఎంలు స్వయంగా పెట్టిన పాత ప్రశ్నపత్రాలే అది. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు డిగ్రీ చదివే తెలుగు పిల్లల్లో ఒక మాట బాగా నాటుకుపోయింది: వేలకు వేలు ఫీజు కట్టి, భువనేశ్వర్‌లోనో విశాఖలోనో గది తీసుకుంటే తప్ప క్యాట్ రాదని. ఆ మాట నమ్మి అసలు ఫారమే నింపని పిల్లలు ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ సమీక్ష. ఏ సరుకు ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, దేనికి డబ్బు పెట్టాలి అన్నది ఒక్కొక్కటే చూద్దాం.

ముందు పరీక్ష కొలతలు. 2025 నవంబరు 30న ఐఐఎం కోజికోడ్ నిర్వహించిన క్యాట్‌లో 68 ప్రశ్నలు, 120 నిమిషాలు. ఇంగ్లీషు విభాగం వీఏఆర్‌సీలో 24, డేటా-లాజిక్ విభాగం డీఐఎల్ఆర్‌లో 22, లెక్కల విభాగం క్వాంట్‌లో 22. ఒక్కో విభాగానికి 40 నిమిషాలు. ఆ సమయం అయిపోయాక వెనక్కి వెళ్ళనివ్వదు, ముందే అయిపోయినా తర్వాతి విభాగంలోకి పోనివ్వదు. సరైన జవాబుకి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు పెడితే 1 మార్కు కోత. జవాబు మనమే నింపాల్సిన 'టైటా' ప్రశ్నలకు కోత లేదు. మొత్తం 204 మార్కులు. ఇటీవలి ఏళ్ళలో అందులో సగం కూడా రాకుండానే 99 పర్సెంటైల్ దాటినవాళ్ళు, అంటే రాసిన నూరుమందిలో 99 మంది కన్నా పైన నిలిచినవాళ్ళు, ఉన్నారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏది కొనాలన్న ఆలోచనే మారిపోతుంది. సిలబస్ మొత్తం పూర్తి చేయిస్తామని చెప్పే ప్యాకేజీకి పెట్టే డబ్బు, ఉన్న ప్రశ్నల్లోంచి తనకి వచ్చేవి ఏరుకోవడం నేర్పే సాధనకి పెడితే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఇక పాత ప్రశ్నపత్రాలు. 2017 నుంచి అభ్యర్థులకు ప్రశ్నపత్రం, వాళ్ళ జవాబులు కలిపిన పీడీఎఫ్ ఇస్తున్నారు, అందుకే ఆ ఏడాది నుంచి అసలు ప్రశ్నలే బయట దొరుకుతున్నాయి. 2017, 2018, 2019లో ఏడాదికి రెండు పూటలు పరీక్ష జరిగింది, 2020 నుంచి మూడు పూటలు. అంటే 2025 వరకు 24 పేపర్లు. వాటిలో క్వాంట్ ప్రశ్నలే 612. డీఐఎల్ఆర్ సెట్లు, అంటే ఒకే సమాచారం మీద వచ్చే నాలుగైదు ప్రశ్నల గుంపులు, వందకు పైన. చదివి జవాబు చెప్పాల్సిన ప్యాసేజీలు వంద దాకా. ఇంత నాణ్యమైన ప్రశ్నల నిధి ఏ కోచింగ్ సంస్థ దగ్గరా లేదు. వాళ్ళ మాక్‌లు (నమూనా పరీక్షలు) వీటిని చూసి తయారైనవే.

అయితే వీటిని వాడే వరస ఒకటుంది, అది తప్పితే నిధి వృథా. చాలామంది అన్నిటికన్నా కొత్త పేపరు ముందు విప్పుతారు. జూన్‌లో, పాఠాలు సగం కూడా రాకముందే 2025 పేపరు చూసేసి, 'మనవల్ల కాదు' అని మూసేస్తారు. పైగా అక్టోబరులో అసలైన కొలత తీసుకోవడానికి వాళ్ళ దగ్గర తాజా పేపరు మిగలదు. 2017–2019 నాటి ఆరు పేపర్లు నేర్చుకోవడానికి వాడండి. అప్పట్లో 100 ప్రశ్నలు, మూడు గంటలు, ఒక్కో విభాగానికి గంట. డీఐఎల్ఆర్‌లో 32 ప్రశ్నలు, ఎనిమిది సెట్లు. రోజుకో సెట్టు, గడియారం లేకుండా, తేలేదాకా చేయండి. 2020 నుంచి 2022 దాకా ఉన్న తొమ్మిది పేపర్లు విభాగాలుగా విడగొట్టి, ఒక్కో విభాగం 40 నిమిషాలు పెట్టుకుని రాయండి. 2023, 2024, 2025 పేపర్లు తొమ్మిదీ ముట్టుకోకుండా దాచండి. సెప్టెంబరు చివరి నుంచి వారానికొకటి, పూర్తి రెండు గంటలు, ఒకే విడతలో కూర్చుని రాయడానికి అవి.

ఈ పేపర్లలో లోపం జవాబుల దగ్గర వస్తుంది. పేపరు ఐఐఎంది, వివరణ మాత్రం వెబ్‌సైట్ల వాళ్ళది. వీఏఆర్‌సీలో ఒకే ప్రశ్నకి రెండు చోట్ల రెండు జవాబులు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. ఐఐఎంల తుది జవాబుల కీతో సరిచూసుకోకుండా ఒక సైటు వివరణ పట్టుకుని గంటలు మథనపడొద్దు. వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు ఇంకా అధ్వాన్నం. టైటా ప్రశ్నలకి ఆప్షన్లు అతికించినవి, పటాలు ఎగిరిపోయినవి, ఏడాది మార్చి పెట్టినవి కూడా అందులో ఉంటాయి. దొంగ కాపీ అన్న విషయం సరే, చదువుకే చేటు.

ముద్రణ విషయం. అన్నీ జెరాక్స్ తీయించక్కర్లేదు. ప్యాసేజీలు తెర మీదే చదవాలి, ఎందుకంటే అసలు పరీక్షలో కింద గీత గీసుకునే వీలు లేదు. కాగితం మీద పెన్సిల్ పట్టుకుని చదివే అలవాటైన కన్ను తెర మీద అదే ప్యాసేజీకి నిమిషం, నిమిషంన్నర ఎక్కువ తీసుకుంటుంది. క్వాంట్, డీఐఎల్ఆర్ మాత్రం ఓ నాలుగు పేపర్లవి ప్రింటు తీసి ఉంచుకోండి. మనవైపు అక్టోబరు అంటే తుపాన్ల నెల. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాని ఎంత దెబ్బ తీసిందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. కరెంటు, సిగ్నల్ పోయిన వారంలో చదువు ఆగకుండా ఉండేది ఆ కాగితాలతోనే.

ఐఐఎంలు పెట్టే ఉచిత మాక్ రెండో సరుకు. పరీక్షకి కొన్ని వారాల ముందు, సాధారణంగా అక్టోబరు చివర్లోనో నవంబరులోనో, ఐఐఎంక్యాట్ డాట్ ఏసీ డాట్ ఇన్ సైట్లో పెడతారు. దివ్యాంగులకు వేరే మాక్ ఉంటుంది, వాళ్ళకి విభాగానికి 13 నిమిషాల 20 సెకన్లు అదనం. ఈ మాక్‌ని మార్కులు తెలుసుకోవడానికి రాస్తే నిరాశే. అందులో పాత ప్రశ్నలే ఉంటాయి, పర్సెంటైల్ ఇవ్వదు. దాని విలువ తెరలో ఉంది. అసలు పరీక్షలో కనిపించేదీ అదే తెర: పక్కన ప్రశ్నల పట్టీ, జవాబిచ్చినదానికి ఆకుపచ్చ, చూసి వదిలేసినదానికి ఎరుపు, మళ్ళీ చూద్దామని గుర్తు పెట్టినదానికి ఊదా. జవాబు పెట్టి, గుర్తు కూడా పెట్టిన ప్రశ్న లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క నియమం తెలియక, ఆఖరి నిమిషంలో గుర్తులు తీసేస్తూ కూర్చుంటారు కొందరు. జవాబు నొక్కి 'సేవ్ అండ్ నెక్స్ట్' కొట్టకుండా పట్టీలోంచి వేరే ప్రశ్నకి దూకితే మాత్రం ఆ జవాబు పోతుంది. ఇది మాక్‌లో రెండుసార్లు జరగనివ్వండి, అసలు రోజున జరగదు.

టైటా జవాబు కూడా తెర మీద అంకెల పలక మీద మౌస్‌తో నొక్కాలి. కాలిక్యులేటరూ తెర మీదే, అదీ మౌస్‌తోనే. 347ని 18తో గుణించాలంటే క్లిక్కులకే పది సెకన్లు పోతాయి. అందుకే 30 వరకు వర్గాలు, 12 వరకు ఘనాలు, 1/7 అంటే 14.28 శాతం, 1/9 అంటే 11.11, 1/11 అంటే 9.09, 1/12 అంటే 8.33 అని నోటికి రావాలి. కాలిక్యులేటర్ని డీఐఎల్ఆర్‌లో పెద్ద పట్టికలు వచ్చినప్పుడు వాడుకోండి.

ఇక్కడే ఫోన్ మీద చదువు చేసే చేటు బయటపడుతుంది. మనవైపు చాలామందికి ఉన్నది ఫోన్ ఒక్కటే. పాఠం వినడానికి, ప్యాసేజీ చదవడానికి ఫోన్ చాలు. మాక్‌కి చాలదు. డీఐఎల్ఆర్‌లో పట్టిక ఓ వైపు, ప్రశ్న మరో వైపు కనిపించాలి, ఫోన్లో పైకీ కిందకీ జరుపుకుంటూ ఉంటే సెట్టుకి రెండు మూడు నిమిషాలు పోతాయి. డెస్క్‌టాప్ లేకపోతే కొనక్కర్లేదు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి విభాగాధిపతి పేర ఒక అర్జీ రాసి, ఆదివారాలు మూడు గంటలు అడగండి. క్యాట్ కోసం అని రాస్తే కాదనేవాళ్ళు తక్కువ. అది కుదరకపోతే నెట్ సెంటర్. మాక్ ఉన్న రోజుకి ముందురోజే మాట్లాడుకుని, తలుపు దగ్గర కాకుండా లోపలి సిస్టమ్ అడగండి, బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో కనుక్కోండి. మధ్యలో కరెంటు పోతే టెస్ట్ సిరీస్‌లో (సంస్థలు అమ్మే మాక్‌ల ప్యాకేజీలో) గడియారం ఆగుతుందా లేదా అన్నది ఒక్కో సంస్థకి ఒక్కోలా ఉంటుంది. అది మొదటి మాక్‌కి ముందే తెలుసుకోవాలి.

ఇక డబ్బు పెట్టదగ్గ ఒకే ఒక్క సరుకు: టెస్ట్ సిరీస్. ఉచిత పేపర్లు ఇవ్వలేనిది ఇది ఒకటి ఇస్తుంది. వేలమంది మధ్య మన స్థానం ఎక్కడుందో, ఇంతవరకు చూడని ప్రశ్నల ముందు మన చేయి ఎలా ఆడుతుందో చూపిస్తుంది. అయితే ధర కన్నా ముందు నాలుగు విషయాలు చూడాలి. ప్యాకేజీలో పదిహేను, ఇరవై పూర్తి మాక్‌లుంటే చాలు. యాభై, అరవై అని ఊరించేది కొనకండి, అన్నీ రాసేవాళ్ళు ఉండరు, రాసినా విశ్లేషించే సమయం ఉండదు. గడువు క్యాట్ రోజు దాటి ఉండాలి. వివరణలు అక్షరాల్లో ఉండాలి. ఒక్కో ప్రశ్నకి పది నిమిషాల వీడియో మాత్రమే ఇస్తే డేటా ఖర్చు, సమయం రెండూ పోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ప్రశ్న మీద ఎన్ని సెకన్లు గడిపామో చూపించాలి. ఈ చివరిది లేని టెస్ట్ సిరీస్ ఎంత చవకైనా దండగ, ఎందుకో కింద చెప్తాను.

పెద్ద సంస్థలు చాలావరకు ఒకటో రెండో మాక్‌లు ఉచితంగా ఇస్తాయి. జూలైలో మూడు సంస్థల ఉచిత మాక్‌లు మూడు ఆదివారాలు రాసి, పై నాలుగూ పోల్చి, ఒక్కటే కొనండి. ముగ్గురు స్నేహితులు ఒకే లాగిన్ పంచుకునే పద్ధతి ఉంది. డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది కానీ ఒక మాక్‌ని ఒకసారే రాయనిస్తారు, పర్సెంటైల్ ఒక్కరికే వస్తుంది, మిగతా ఇద్దరూ జవాబులు చూసి రాసుకున్నవాళ్ళే అవుతారు. సంస్థ నిబంధనలకీ విరుద్ధం. ఆ పొదుపు మానుకోండి.

మాక్ పర్సెంటైల్‌ని అసలు పర్సెంటైల్‌గా తీసుకోవద్దు. డబ్బు కట్టి రాసేవాళ్ళు అప్పటికే సిద్ధమవుతున్నవాళ్ళు. ఆ గుంపులో 80 రావడం, పరీక్షకి వచ్చే మొత్తం గుంపులో 80 రావడం ఒకటి కాదు. కొన్ని సంస్థల మాక్‌లు అసలు పరీక్ష కన్నా కావాలనే కఠినంగా ఉంటాయి. అంకె చూసి కుంగిపోవడమూ వద్దు, పొంగిపోవడమూ వద్దు. వరసగా నాలుగు మాక్‌ల్లో ఒక విభాగం అక్కడే ఆగిపోయిందా, కదులుతోందా అన్నది చూస్తే చాలు.

రెండు గంటల మాక్‌కి నాలుగు గంటల విశ్లేషణ ఉండాలి. ఒక నోట్‌బుక్కులో మూడు గడులు గీయండి: ప్రశ్న సంఖ్య, పట్టిన సమయం, పోయిన కారణం. కారణాలు నాలుగే ఉంటాయి. పాఠం రాదు. పాఠం వచ్చినా లెక్క తప్పింది. ప్రశ్న సరిగా చదవలేదు. అసలు ముట్టుకోకూడని ప్రశ్న ముట్టుకున్నారు. మూడు మాక్‌లయ్యాక ఏ కారణం ఎక్కువసార్లు వస్తే వచ్చే వారం చదువు దాని మీదే. నాలుగో కారణమే అందరినీ ముంచుతుంది. క్వాంట్‌లో ఆప్షన్లున్నవి 14 ప్రశ్నలు చేసి 9 సరి, 5 తప్పు అయితే వచ్చేది 22. అదే 10 చేసి 9 సరి, 1 తప్పు అయితే 26. నాలుగు ప్రశ్నలు తక్కువ చేసినవాడికి నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి, ఎనిమిది నిమిషాలు మిగిలాయి కూడా. ఈ లెక్క కంటితో చూడాలంటే ప్రతి ప్రశ్న మీద పట్టిన సమయం తెలియాలి, అందుకే ఆ సౌకర్యం లేని సిరీస్ వద్దన్నది.

ఊహించి పెట్టడం గురించి అడిగేవాళ్ళు చాలామంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి నొక్కితే సగటున లాభనష్టాలు సున్నా. ఒక్క ఆప్షన్ కచ్చితంగా తప్పని తేల్చగలిగితే మిగతా మూడింట్లో ఒకటి పెట్టడం సగటున మార్కులో మూడో వంతు లాభం. రెండు తీసేయగలిగితే పూర్తి మార్కు లాభం. టైటాలో కోత లేదు కనుక ఖాళీ వదలడమే తప్పు.

డీఐఎల్ఆర్‌కి ప్రత్యేకంగా ఏ పుస్తకమూ కొనక్కర్లేదు, పాత పేపర్ల సెట్లే చాలు. ఇక్కడ బరంపురం, రాయగడల్లో బ్యాంకు పరీక్షల కోచింగ్ కేంద్రాలు 'ఎంబీఏ ఎంట్రన్స్ కూడా' అని బోర్డు పెట్టి చేర్చుకుంటాయి. వాళ్ళ పాఠం చెడ్డదని కాదు, అది వేరే పరీక్ష పాఠం. బ్యాంకు పరీక్షలో బార్ గ్రాఫ్ చూసి వేగంగా శాతాలు తీయాలి. క్యాట్ సెట్టులో సగం సమాచారం దాచి ఉంటుంది, ఖాళీ గడులు తర్కంతో నింపాలి. బ్యాంకు వేగం అలవాటైనవాళ్ళు సెట్టు మొదటి ప్రశ్నకే లెక్క మొదలుపెట్టి, ఆరు నిమిషాల తర్వాత ఒక షరతు వదిలేశామని తెలుసుకుంటారు. 2025లో ఐదు సెట్లు వచ్చాయి. మొదటి ఆరేడు నిమిషాలు ఐదూ చదివి, మూడు ఎంచుకోండి. మూడు పూర్తిగా సరిగ్గా తేలితే పన్నెండు, పదమూడు ప్రశ్నలు, అంటే 36 మార్కులకు పైనే. చాలామందికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. చేసిన సెట్టుని రెండు వారాల తర్వాత తెల్ల కాగితం మీద మళ్ళీ చేయండి. రెండోసారి కూడా అదే చోట ఆగితే, మొదటిసారి నేర్చుకున్నది జవాబే, దారి కాదు.

క్వాంట్ పాఠాలకి పదో తరగతి వరకు ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ గణితం పీడీఎఫ్‌లు ఉచితం. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇంకా సులువు: ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు ఉంటాయి, 'నిష్పత్తి', 'చక్రవడ్డీ' అని తెలిసిన పాఠానికి ఇంగ్లీషు పేరు వెంటనే దొరుకుతుంది. శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, మిశ్రమాలు, కాలం-పని, కాలం-దూరం ముందు, ఆ తర్వాత సమీకరణాలు, అసమానతలు, లాగరిథమ్స్. ఇటీవలి పేపర్లలో ఎక్కువ ప్రశ్నలు ఈ అంకగణితం, బీజగణితం నుంచే. ప్రస్తారాలు, సంభావ్యత మీద నెల రోజులు పెట్టేవాళ్ళు ఉంటారు, అది అనవసరం. ఒక పెద్ద క్వాంట్ పుస్తకం కావాలనుకుంటే గత ఏడాది రాసినవాళ్ళ దగ్గర సగం ధరకి తీసుకోండి, సూత్రాలు ఏడాదికి మారవు. అందులో పెన్నుతో జవాబులు గుర్తు పెట్టి లేకుండా చూసుకోండి.

ఆన్‌లైన్ వీడియో కోర్సులు నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ మార్కులు తెచ్చుకునేవి. మూడొందల గంటల వీడియో అంటే రోజుకి రెండు గంటల చొప్పున ఐదు నెలలు వింటూనే ఉండాలి. వినడం అయిపోయేసరికి పరీక్ష వస్తుంది, రాసింది ఏమీ ఉండదు. రాని పాఠం ఒక్కటి, యూట్యూబ్‌లో ఉచితంగా, ఒకసారి వినండి. అదే రోజు అదే పాఠంలో పాత ప్రశ్నలు పది చేయండి. అంతవరకే.

మన పిల్లలకి అసలు గండం వీఏఆర్‌సీ దగ్గరుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన తెలివైన పిల్లలు ఈ విభాగంలో 'నా ఇంగ్లీషు చాలదు' అని ముందే చేతులెత్తేస్తారు. వెంటనే పదాల జాబితా పుస్తకం కొంటారు. ఆ పుస్తకం మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. ఇటీవలి క్యాట్‌లో పదానికి అర్థం అడిగే ప్రశ్న, వ్యాకరణ దోషం పట్టే ప్రశ్న నేరుగా రావడం లేదు. నాలుగు ప్యాసేజీలు, వాటి మీద 16 ప్రశ్నలు. మిగతా 8 పేరా సారాంశం, వాక్యాల క్రమం, ఇమడని వాక్యం, వాక్యం ఎక్కడ పెట్టాలి లాంటివి. అంటే పరీక్ష అడిగేది రాసినవాడి వాదన పట్టుకున్నారా లేదా అనే.

ప్యాసేజీకి ఎనిమిది నిమిషాలు, అందులో చదవడానికి మూడున్నర. నాలుగింటికి 32, మిగతా 8 ప్రశ్నలకి 8 నిమిషాలు. ఇది పై హద్దు. మొదట్లో మూడు ప్యాసేజీలు చక్కగా చేయడం నాలుగు తొందరగా చేయడం కన్నా ఎక్కువ మార్కులిస్తుంది. ప్యాసేజీలు తత్వం, మానవ శాస్త్రం, పర్యావరణం, ఆర్థికం, కళల చరిత్ర లాంటివాటి నుంచి వస్తాయి. పత్రికల సంపాదకీయాలు ఒక్కటే చదివితే చాలవు, అక్కడి విషయం మనకి ముందే తెలిసి ఉంటుంది, తెలియని విషయం చదివే ఓపిక రాదు. ఈయాన్ (Aeon) వెబ్‌సైట్లో వ్యాసాలు ఉచితం, క్యాట్ ప్యాసేజీల తరహా అక్కడ బాగా దొరుకుతుంది. రోజుకొకటి, తెలియని రంగంలోంచే ఎంచుకుని చదవండి.

చదివాక ఒక పని చేయండి. ప్రతి పేరా తర్వాత తెర మీంచి కళ్ళు తీసి, ఆ పేరా ఏం చెప్పిందో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. ఒడియాలో ఆలోచన సులువైతే ఒడియాలో. ఇంగ్లీషులో రాస్తే పేరాలోని మాటలే తిరగేసి రాసేసి అర్థమైందనుకుంటారు. తెలుగులో రాయాలంటే నిజంగా అర్థం కావాలి. మూడు వారాలు ఇలా చేశాక రాయడం మానేసి మనసులో అనుకుంటే చాలు. ఆ తర్వాత ఆప్షన్లలో ఉచ్చులు కనబడడం మొదలవుతాయి: రచయిత 'కొన్నిసార్లు' అన్నదాన్ని 'ఎప్పుడూ' అని మార్చిన ఆప్షన్, రచయిత ఖండించడానికి ఎత్తిన మాటని రచయిత మాటగా చూపించిన ఆప్షన్, నిజమే కానీ ప్యాసేజీలో లేని ఆప్షన్. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన ఈ మూడింట్లో ఏదో రాసుకోండి.

దరఖాస్తు దగ్గర పోయే డబ్బు, పోయే అవకాశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2025లో ఫీజు 2,600 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,300. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్ళకి ఫీజులో రాయితీ లేదు, సీట్లలో రిజర్వేషన్ ఉంది. దరఖాస్తులు ఆగస్టు మొదట్లో తెరిచి సెప్టెంబరులో మూసేస్తారు. ఒడిశాలో మనవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. రాష్ట్రం వెనుకబడిన తరగతులకి ఇచ్చేది ఎస్ఈబీసీ సర్టిఫికెట్. ఐఐఎంలకి అది చెల్లదు. కేంద్ర జాబితా ప్రకారం, కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. 2025 పరీక్షకి అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలన్నారు. కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది, ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో అదే పేరుతో ఉండాలని లేదు. జాబితాలో మీ కులం పేరు ఏ అక్షరాలతో ఉందో చూసుకుని, జూన్‌లోనే తహసీల్దారు కార్యాలయంలో అర్జీ పెట్టండి. ఆగస్టులో మొదలుపెడితే గడువు మీద పడుతుంది. ఒకసారి ఫారం పంపాక కేటగిరీ మార్చనివ్వరు.

ఫారం జనసేవా కేంద్రంలో నింపించుకోవడం తప్పేం కాదు, కానీ ఈమెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వాలి. కేంద్రం వాళ్ళు తొందరలో తమది పెట్టేస్తే అడ్మిట్ కార్డు, ఇంటర్వ్యూ కబురు అన్నీ అక్కడికే పోతాయి. డిగ్రీ మార్కుల శాతం మీ యూనివర్సిటీ లెక్క ప్రకారమే వేయాలి, సీజీపీఏని పదితో గుణించేయడం అన్నిచోట్లా సరి కాదు. అర్హతకి డిగ్రీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. ఆఖరి ఏడాది వాళ్ళు కూడా రాయొచ్చు.

పరీక్ష నగరాలు ఐదు ఎంచుకోమంటారు. పూట మాత్రం మన చేతిలో లేదు: ఉదయం 8:30, మధ్యాహ్నం 12:30, సాయంత్రం 4:30లో ఏదో ఒకటి వస్తుంది. ఉదయం పూట పడితే గేటు 8:15కే మూసేస్తారు. రాయగడ, జయపురం వాళ్ళకి రైలు దారి విశాఖకే సులువు, దాన్ని మొదట పెట్టుకోండి. పర్లాకిమిడి, గుణుపురం వాళ్ళు జాబితాలో బరంపురం ఉంటే ముందు అదే పెట్టుకోవాలి, గుణుపురం–పూరీ రైలు పర్లాకిమిడి, బరంపురం మీదుగానే వెళ్తుంది. తర్వాత భువనేశ్వర్, విశాఖ. కేంద్రం ఏ పూట పడినా ముందురోజు సాయంత్రానికి ఆ ఊళ్ళో ఉండేలా బస ఖర్చు మొదటే పక్కన పెట్టండి. టెస్ట్ సిరీస్‌కి పెట్టే డబ్బులోంచి కోసైనా సరే ఈ డబ్బు ఉంచాలి. తెల్లవారుజామున బస్సు పట్టుకుని నిద్రకళ్ళతో వీఏఆర్‌సీ తెరిచినవాడికి నాలుగు నెలల చదువు అక్కరకి రాదు. రఫ్ కాగితాలు, పెన్ను అక్కడే ఇస్తారు, అడ్మిట్ కార్డు, గుర్తింపు కార్డు మీవి.

క్యాట్ ఒక్కటే రాసి ఆగకండి, ఇదే చదువుతో ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో ఎంబీఏ ప్రవేశానికి జరిగే ఐసెట్ రాయొచ్చు. అది 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, కోత లేదు, కాబట్టి పద్ధతి తిరగబడుతుంది: ఏరుకోవడం మాని అన్నీ నింపాలి. ఒడిశాలో చదివినవాళ్ళు సాధారణంగా స్థానికేతరుల కిందకి వస్తారు, సీట్ల లెక్క అందుకు తగ్గట్టు చూసుకోవాలి. క్యాట్ అయిన తర్వాత రెండు వారాలు విరామం తీసుకుని, ఆపైన ఐసెట్ పాత పేపర్లు వేగం కోసం రోజుకి యాభై ప్రశ్నల చొప్పున చేస్తే సరిపోతుంది, కొత్తగా ఏ పుస్తకమూ కొనక్కర్లేదు.